ఎస్కేప్ కింది ఆ కీ ఉద్యోగానికి పనికొస్తుందా?

మీ కీబోర్డు మీద ఎడమ పక్కన, ఎస్కేప్‌కు సరిగ్గా కింద ఒక కీ ఉంటుంది. దాని మీద అల లాంటి చిన్న గీత. పేరు టిల్డ. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో దాన్ని ఎన్నిసార్లు నొక్కారో గుర్తు తెచ్చుకోండి. చాలామంది జవాబు సున్నా. కంప్యూటర్ గేమ్స్ ఆడేవాళ్లకు మాత్రం ఆ కీ సంగతి బాగా తెలుసు.

2025 ఏప్రిల్ 22న 'ది ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్ రీమాస్టర్డ్' వచ్చింది. ప్రకటన, విడుదల రెండూ ఒకే రోజు. కంప్యూటర్ మీద ఆడుతూ టిల్డ నొక్కితే తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంటుంది, కర్సర్ మిణుకుమంటుంది. 'టీజీఎం' అని మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే మీకిక చావు లేదు. 'టీసీఎల్' కొడితే గోడల్లోంచి నడుచుకుంటూ పోవచ్చు. వీటినే కన్సోల్ కమాండ్లు అంటారు, మన భాషలో చీట్లు. అసలు ఆట 2006 మార్చిలో వచ్చింది. అప్పటి కమాండ్లే పందొమ్మిదేళ్ల తర్వాత కొత్త బొమ్మలతో వచ్చిన ఆటలోనూ పనిచేస్తున్నాయి.

ఎందుకు పనిచేస్తున్నాయి? దీనికి జవాబు చెప్పగలిగితే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఇంటర్వ్యూలో ఓ పది నిమిషాలు ధైర్యంగా మాట్లాడటానికి మీ దగ్గర సరుకు ఉన్నట్టే. 'చీట్లు కొట్టుడు కూడా ఒక స్కిల్లేనా' అని నవ్వకండి. కొట్టడం స్కిల్ కాదు, నిజమే. కొట్టాక మీరేం చూశారు, ఏం రాసుకున్నారు అన్నదే అసలు విషయం.

చీట్లు మన కోసం పుట్టలేదు

జపాన్‌లో కొనామీ అనే కంపెనీ ఉంది. అక్కడ పనిచేసిన కజుహిసా హషిమోటో అనే ప్రోగ్రామర్ 1986లో 'గ్రాడియస్' అనే విమానాల ఆటను ఇళ్లలో వాడే నింటెండో యంత్రం మీదికి మారుస్తున్నాడు. ఆట మహా కష్టం. రాసినాయనే చివరిదాకా ఆడలేకపోయాడు. ఆడకపోతే పరీక్షించేదెట్లా? అందుకని పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి, ఎడమ కుడి, తర్వాత బీ, ఏ నొక్కితే ఆయుధాలన్నీ చేతికొచ్చేలా ఓ దొడ్డిదారి పెట్టుకున్నాడు. విడుదలకు ముందు దాన్ని తీసేయడం జరగలేదు. ఆట ఆడేవాళ్లు కనిపెట్టేశారు. అదే కొనామీ కోడ్. 1988లో 'కాంట్రా'లో ఇదే వరుస నొక్కితే ముప్పై ప్రాణాలు వచ్చేవి. టీవీకి తగిలించే క్యాసెట్ల వీడియో గేమ్ మీ ఇంట్లో ఉండి ఉంటే, మీ అన్ననో బాబాయినో అడగండి. ఆ వరుస వాళ్ల వేళ్లకు ఇప్పటికీ గుర్తుంటుంది.

1993లో 'డూమ్' వచ్చింది, 'ఐడీడీక్యూడీ' కొడితే దెబ్బ తగలదు. 1996లో 'క్వేక్' వచ్చింది, టిల్డ నొక్కితే తెర పైనుంచి కన్సోల్ దిగుతుంది. అన్నిటి వెనకా అవసరం ఒక్కటే. పదో లెవెల్లో ఒక తలుపు సరిగ్గా తెరుచుకుంటోందో లేదో చూడాలంటే, టెస్టర్ ప్రతిసారీ తొమ్మిది లెవెళ్లు గెలిచి రాలేడు కదా. నేరుగా అక్కడికి ఎగరాలి, చావకుండా నిలబడాలి, చేతిలో సామాను ఉండాలి. ఆబ్లివియన్‌లో 'సీవోసీ టెస్టింగ్‌హాల్' అనే కమాండ్ ఉంది. కొడితే ఆటలో మామూలుగా ఎవరికీ కనిపించని ఒక గదిలోకి వెళ్తారు. రాసినవాళ్లు వస్తువులు పరీక్షించుకోవడానికి కట్టుకున్న గది అది. పేరులోనే ఉంది చూడండి.

మీ ఫోన్‌లోనూ ఇలాంటి తలుపు ఒకటుంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే 'మీరిప్పుడు డెవలపర్' అనే అర్థంలో ఒక మాట వస్తుంది, కొత్త మెనూ తెరుచుకుంటుంది. బ్రౌజర్లో ఎఫ్12 నొక్కితే వచ్చే కన్సోల్ కూడా ఈ కుటుంబంలోదే.

చీట్ల చీటీ

ధర్మపురిలో నేను స్కూల్లో ఉన్న రోజుల్లో నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలు. హాల్ టికెట్లు, రిజల్టులు తీసేటప్పుడు తప్ప మిగతా రోజుల్లో అక్కడ నడిచేది 'జీటీఏ వైస్ సిటీ'నే. మానిటర్ పక్కన అట్టముక్క మీద పెన్నుతో రాసిన చీట్ల చీటీ ఉండేది. 'పాంజర్' కొడితే యుద్ధ ట్యాంకు. 'లీవ్ మీ ఎలోన్' ఖాళీలు లేకుండా కొడితే పోలీసులు వెనక్కి పోతారు. 'ప్రెషియస్ ప్రొటెక్షన్' కొడితే కవచం. ఇంగ్లిష్ సారు బెత్తంతో నేర్పలేని స్పెల్లింగ్‌ను పోలీసు జీపు వెంటపడి నేర్పింది. అందరం కొట్టినవాళ్లమే. కానీ ఆ అక్షరాలు లోపల ఏం చేస్తున్నాయని అడిగినవాళ్లు తక్కువ.

'శాన్ ఆండ్రియాస్' సంగతి ఇంకా బాగుంటుంది. ఆ ఆటలో 'హెసోయామ్' అని కొడితే ఆరోగ్యం, కవచం, రెండున్నర లక్షల డాలర్లు వస్తాయి. ఏ భాషలోనూ అర్థం లేని మాట. 'ఐ నీడ్ సమ్ హెల్ప్' అని కలిపి కొట్టినా ఇచ్చేది అదే. రెండు వేర్వేరు మాటలకు ఒకే ఫలితం ఎలా?

కంప్యూటర్ వెర్షన్‌లో చీట్ పదాలను పదాలుగా దాచలేదు. ప్రతి పదాన్ని ఒక లెక్కలోంచి నడిపి, వచ్చిన సంఖ్యను మాత్రమే దాచారు. దీన్నే హాష్ అంటాం. మీరు కీబోర్డు మీద చివరగా నొక్కిన అక్షరాలను ఆట అదే లెక్కలోంచి నడిపి, వచ్చిన సంఖ్య తన జాబితాలో ఉందా అని చూస్తుంది. ఇక్కడ వాడినది సీఆర్‌సీ32 తరహా లెక్క. అందులో వచ్చే సంఖ్యలు దాదాపు 430 కోట్లు. రాయగలిగే అక్షర వరుసలకు మాత్రం లెక్కే లేదు. కాబట్టి వేర్వేరు వరుసలు ఒకే సంఖ్య దగ్గర కలుస్తాయి. దాని పేరు హాష్ కొలిజన్. డేటా స్ట్రక్చర్స్ పేపర్లో రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టిందే ఇది! 'పాస్‌వర్డులను సీఆర్‌సీ32తో దాచొచ్చా' అని ఇంటర్వ్యూలో అడిగితే, హెసోయామ్ కథ చెప్పండి. అసలు పదం తెలియకపోయినా దానితో సమానంగా పనిచేసే ఇంకో పదం దొరికిపోయే చోట పాస్‌వర్డుకు రక్షణ ఎక్కడిది?

పాత మెదడు, కొత్త ఒళ్లు

మళ్లీ ఆబ్లివియన్‌కు వద్దాం. బెథెస్డా కంపెనీ ఈ రీమాస్టర్ పనిని వర్చుయోస్ అనే స్టూడియోతో కలిసి చేసింది. కంటికి కనిపించేదంతా అన్‌రియల్ ఇంజిన్ 5. వెలుగు, నీడ, గడ్డి, ముఖాలు అన్నీ కొత్తవే. కానీ దెబ్బ తగిలితే ఎంత ప్రాణం పోవాలి, ఎవరు ఎప్పుడు నిద్ర లేవాలి, ఏ క్వెస్ట్ ఎప్పుడు ముందుకు కదలాలి అన్నదంతా చూసుకునేది ఇప్పటికీ 2006 నాటి పాత ఇంజినే. తయారుచేసినవాళ్లే పాత ఇంజిన్‌ను మెదడుగా, కొత్తదాన్ని ఒంటిగా పోల్చి చెప్పారు. పాత కమాండ్లు పనిచేయడానికి కారణం ఇదే. మీరు టీజీఎం కొడుతున్నది ఆ పాత మెదడుకు.

ఇది ఉద్యోగాల పేజీలో ఎందుకంటారా? ఐటీ సర్వీస్ కంపెనీలో చేరాక ఫ్రెషర్ల చేతికి సరికొత్త యాప్ రావడం అరుదు. ఎక్కువగా వచ్చేది ఏదో బ్యాంకుదో బీమా కంపెనీదో ఏళ్లనాటి సాఫ్ట్‌వేర్. లోపలి లెక్కలు అలాగే ఉంచి పైన కొత్త స్క్రీన్లు వేయాలి, లేదా పాత డేటాను కొత్త చోటికి మార్చాలి. లెగసీ, మైగ్రేషన్ అనే మాటలు జాబ్ డిస్క్రిప్షన్లలో మీరు చూసే ఉంటారు. రీమాస్టర్ అంటే అచ్చం అదే పని. ఫ్రెషర్‌కు బ్యాంకు లోపలి సాఫ్ట్‌వేర్ చూసే అవకాశం లేదు. ఇక్కడ మాత్రం పాతది, కొత్తది పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు.

కమాండ్‌నే కొంచెం విప్పి చూడండి. డబ్బు కావాలంటే 'ప్లేయర్ డాట్ యాడ్ఐటెమ్', తర్వాత 0000000ఎఫ్, తర్వాత 100 అని కొట్టాలి. వంద బంగారు నాణేలు వస్తాయి. మొదటిది ఎవరికి, ఏ పని. రెండోది ఏ వస్తువు. మూడోది ఎన్ని. ఇది ఫంక్షన్ కాల్ కాకపోతే మరేమిటి? ఆ ఎనిమిది అంకెలది హెక్సాడెసిమల్ లెక్క. ఎఫ్ అంటే 15, అంటే బంగారం పదిహేనో నంబరు వస్తువు. తాళాలు తీసే పుల్ల 0000000ఏ, అంటే పది. మొదటి రెండు అంకెలు ఆ వస్తువు ఏ ఫైలు నుంచి వచ్చిందో చెబుతాయి. 00 ఉంటే అసలు ఆటది, వేరే అంకె ఉంటే మీరు తర్వాత కలిపిన ఫైలుది. డేటాబేస్‌లో ప్రైమరీ కీ అని చదువుకున్నది ఇలాంటి చోటే కళ్లకు కడుతుంది.

రీమాస్టర్ చెడితే ఏమవుతుందో కూడా తెలియాలి. 2021 నవంబరు 11న రాక్‌స్టార్ సంస్థ జీటీఏ 3, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ మూడింటినీ కలిపి 'డెఫినిటివ్ ఎడిషన్'గా అన్‌రియల్ ఇంజిన్ 4 మీద తెచ్చింది. మన చిన్నప్పటి ఆటలే కదా అని ఎగబడ్డవాళ్లకు తల తిరిగింది. వాన చుక్కలు తెల్లటి దారాల్లా తెరంతా కప్పేశాయి. బోర్డుల మీద స్పెల్లింగులు మారాయి. అన్నిటికన్నా నవ్వు తెప్పించింది డోనట్ దుకాణం మీది నట్టు. ఆ దుకాణం పేరు 'టఫ్ నట్'. పేరుకు తగ్గట్టు పైన బోల్టుకు బిగించే ఆరు మూలల నట్టు బొమ్మ ఉండేది. పాత మోడళ్లను నునుపు చేసే క్రమంలో మూలలన్నీ అరిగిపోయి అది గుండ్రంగా తయారైంది. నట్టుకు మూలలు ఉండాలని, అక్కడ ఓ జోక్ ఉందని యంత్రానికి ఏం తెలుసు? అది చెప్పాల్సింది చూసే మనిషి. ఆటలోకి పొరపాటున చేరిపోయిన ఫైళ్లను తీసేయడానికి కంప్యూటర్ వెర్షన్‌ను మూడు రోజులు అమ్మకం నుంచి తప్పించారు. నవంబరు 19న రాక్‌స్టార్ క్షమాపణ చెప్పింది. పాత ఆట రంగులు, వెలుతురు తిరిగి తెచ్చే పెద్ద అప్‌డేట్ 2024 నవంబరులో గానీ రాలేదు.

చీట్ల విషయానికొస్తే, కొన్ని పాతవి సాంకేతిక కారణాలతో తీసేశామని రాక్‌స్టారే చెప్పింది. దానికి బదులు ఓ కొత్తది కలిపారు. హషిమోటో వాడిన వరుసే నొక్కితే మనుషుల తలలు బుర్రగుమ్మడి కాయల్లా పెద్దవవుతాయి. 1986 నాటి టెస్టింగ్ దారికి 2021లో పెట్టిన దండం అనుకోవచ్చు.

పన్నెండు బగ్గుల నోటుబుక్కు

ఈ ఏడాది ఓ తమ్ముడితో మాట్లాడాను. ధర్మపురి వాడే. 2024లో బీటెక్ ఈసీఈ అయిపోయింది. గుడి దారిలో నాన్న కొబ్బరికాయల దుకాణం. శనివారం, ఏకాదశి వస్తే ఇప్పటికీ తనే గల్లా మీద కూర్చుంటాడు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి టెస్టింగ్ కోర్సు చేస్తూ, రూమ్మేట్ గేమింగ్ ల్యాప్‌టాప్ మీద ఆబ్లివియన్ రీమాస్టర్డ్ ఆడేవాడు. కోర్సు అయిపోయింది, పైసలు అయిపోయినయి, ఇంటికి వచ్చాడు. రెజ్యుమెలో హాబీల కింద 'గేమింగ్, కన్సోల్ కమాండ్లలో నిపుణుడు' అని రాసుకున్నాడు. "అన్నా, ఇది ఉంచాల్నా, తీసెయ్యాల్నా?" అని అడిగాడు.

తీసేయమన్నాను. నిపుణత అనేది చదివినవాడికి అక్కడ ఏమీ కనబడదు. కమాండ్ల జాబితా ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. తర్వాత అడిగితే, చీట్లు కొడుతూ తనకు తేడాగా కనబడ్డవన్నీ ఓ నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాడని తెలిసింది. మొత్తం పన్నెండు. అవి ఫొటోలు తీసి పంపమన్నాను.

పన్నెండూ 'ఇట్లయింది' అని ఉన్నాయి. 'ఎట్ల కావాలె' అని ఒక్కదానికీ లేదు. టెస్టింగ్‌లో ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్, యాక్చువల్ రిజల్ట్ అని రెండు గళ్లు ఉంటాయి, కోర్సులో మొదటి వారంలోనే చెబుతారు. మొదటి గడి ఖాళీగా ఉంటే రెండో గడికి విలువ లేదు. 'ఎట్ల కావాలె అని నాకెట్ల తెలుస్తది, ఆట నేను రాయలే కదా' అన్నాడు. మంచి ప్రశ్న. ఆఫీసులో అయితే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ ఉంటుంది. రీమాస్టర్‌కు ఆ డాక్యుమెంట్ పాత ఆటే! 2006 వెర్షన్ పెట్టుకో, అదే చోటికి పో, అదే కమాండ్ కొట్టు, ఏమైందో రాయి అన్నాను. అది మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది.

చేశాక నాలుగు బగ్గులు ఎగిరిపోయాయి, ఎందుకంటే అవి పాత ఆటలోనూ ఉన్నాయి. అప్పుడు అసలు చర్చ మొదలైంది. పాత ఆటలో ఉన్న తప్పు కొత్త ఆటలోనూ ఉంటే అది బగ్గా, కాదా?

తేలిక జవాబు లేదు. ఆబ్లివియన్‌లో టాండిల్వే అనే పాత్ర ఉంది. 2006లో రికార్డింగ్ చేస్తుండగా ఆ గొంతు ఇచ్చిన నటి ఒక డైలాగ్ తప్పు చెప్పి, ఆగి, మళ్లీ చెబుతానని చెప్పి మళ్లీ చదువుతుంది. ఎడిటింగ్‌లో తీసేయడం మరిచిపోయారు, అలాగే ఆటలోకి వెళ్లిపోయింది. అభిమానులకు అది ముద్దు. రీమాస్టర్‌లోనూ దాన్ని అలాగే ఉంచారు. మంత్రాల చుట్టలతో వస్తువులను రెట్టింపు చేసుకునే పాత లొసుగు కూడా కొత్త ఆటలో పనిచేసింది. ఇప్పుడు మీరు టెస్టర్ అయితే టాండిల్వే డైలాగ్‌ను బగ్‌గా రాస్తారా? రాయకుండా వదిలేస్తే అది తీర్పు చెప్పడం. రాసి, 'పాత వెర్షన్‌లోనూ ఉంది, కావాలని ఉంచారేమో నిర్ధారించగలరు' అని పక్కన పెడితే అది ఉద్యోగం. నిర్ణయం తీసుకునేది వేరేవాళ్లు, మీ పని వాళ్ల ముందు నిజం పెట్టడం. బ్యాంకు సాఫ్ట్‌వేర్లోనూ ఇంతే. ఇరవై ఏళ్లుగా వడ్డీలో ఒక పైసా తేడా వస్తోందనుకోండి. కొత్త సిస్టమ్ దాన్ని సరిచేస్తే పాత లెక్కలతో కలవదు. సరిచేయకపోతే తప్పు కొనసాగుతుంది. అలాంటి చోట మీ ఇష్టానికి వదిలేయరు, అడుగుతారు.

మిగతా ఎనిమిదింటికి అతనితో కొత్త ప్రశ్నలు రాయించాను. యాడ్ఐటెమ్‌లో వంద బదులు సున్నా ఇస్తే? మైనస్ ఒకటి ఇస్తే? కోటి ఇస్తే? పేరు తెలియకుండానే బౌండరీ వాల్యూ ఎనాలిసిస్ చేస్తున్నాడు. ఇంకోటి, తాళం చెవి ఇచ్చే మనిషిని కలవకుండా 'అన్‌లాక్' కమాండ్‌తో తలుపు తీసి లోపలికి పోతే క్వెస్ట్ ముందుకు నడుస్తుందా, అక్కడే నిలిచిపోతుందా? ఆట రాసినవాళ్లు అనుకున్న వరుస అది కాదు. ఫీజు కట్టే పేజీ దాటేసి నేరుగా హాల్ టికెట్ పేజీ చిరునామా కొడితే ఏమవుతుంది అన్న పరీక్షకు, దీనికి తేడా లేదు. ప్రతిదానికీ వరుస నంబరు, ఆట వెర్షన్, ఎక్కడ ఉన్నారు, ఏ కమాండ్, ఎన్నిసార్లు చేస్తే ఎన్నిసార్లు వచ్చింది, స్క్రీన్‌షాట్. ఆ 'ఎన్నిసార్లు' అన్న గడిని చాలామంది వదిలేస్తారు. పదింటిలో పదిసార్లు వచ్చేదానికి, పదింటిలో ఒకసారి వచ్చేదానికి డెవలపర్ పట్టుకునే దారులు వేరు.

ఒక జాగ్రత్త. పరీక్షలకు వేరే సేవ్ ఫైల్ పెట్టుకోండి. కన్సోల్ వాడితే అచీవ్‌మెంట్లు ఆగిపోతాయి. ఆఫీసులో టెస్ట్ డేటాను, అసలు కస్టమర్ల డేటాను కలపనివ్వకపోవడానికీ కారణం ఇలాంటిదే.

ఎవరి సర్వర్ మీద?

ఇంతవరకు చెప్పింది ఒక్కరే ఆడుకునే ఆటల గురించి. అక్కడ ఆట మొత్తం మీ కంప్యూటర్లోనే ఉంది, గోడల్లోంచి నడిచినా ఎవరికీ నష్టం లేదు. ఆన్‌లైన్‌లో పదిమందితో ఆడేటప్పుడు లెక్క మారుతుంది. 'కౌంటర్ స్ట్రైక్'లో గోడల్లోంచి వెళ్లే కమాండ్ ఉంది, కానీ ముందు 'ఎస్‌వీ చీట్స్ 1' అని సర్వర్ నడిపేవాడు అనుమతి ఇవ్వాలి. ఇవ్వకపోతే మీరెన్నిసార్లు కొట్టినా పనిచేయదు.

ఇది అర్థం కావడానికి మన దగ్గర అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. రిజల్ట్స్ పేజీ తెరిచి, ఎఫ్12 నొక్కి, 35ని 85 చేసి, స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టడం. పేజీని రిఫ్రెష్ చేయగానే 35 మళ్లీ వస్తుంది. మీరు మార్చింది మీ తెర మీది బొమ్మను, బోర్డు సర్వర్లో ఉన్న అంకెను కాదు. క్లయింట్ సైడ్, సర్వర్ సైడ్ తేడా అంటే ఇదే. నష్టం కలిగించే విషయం ఏదైనా సర్వర్ దగ్గర మళ్లీ సరిచూసుకోవాలని వెబ్ డెవలపర్లకు చెప్పేది అందుకే.

బీజీఎంఐలో గోడల వెనక ఉన్నవాళ్లు కనబడతారని టెలిగ్రామ్‌లో ఏపీకే ఫైళ్లు పంచేవాళ్లుంటారు. అది కన్సోల్ కమాండ్ కాదు. దాన్ని రాసింది ఆట తయారుచేసినవాళ్లు కాదు, ఎవరో తెలియదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మెసేజ్‌లు చదివే అనుమతి కూడా అడిగిందంటే, మీ ఓటీపీలు వచ్చేదీ ఆ ఫోన్‌కే అని గుర్తు తెచ్చుకోండి. ఖాతాను శాశ్వతంగా నిషేధించడం ఎటూ ఉంటుంది. దీన్ని మాత్రం ఏ రూపంలోనూ రెజ్యుమె దగ్గరికి తేవద్దు.

ఇంట్లోవాళ్లకు ఇంకో తేడా కూడా చెప్పాల్సి వస్తుంది. 'గేమింగ్‌లో ఉద్యోగం' అనగానే పెద్దవాళ్లకు రమ్మీ యాప్ గుర్తొస్తుంది, వాళ్ల భయం ఊరికే కాదు. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ఆటలు తయారుచేసి పరీక్షించే పని పూర్తిగా వేరు.

ల్యాప్‌టాప్ చిన్నదైతే

ఆబ్లివియన్ రీమాస్టర్డ్ నడవాలంటే కనీసం 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1070 టీఐ స్థాయి గ్రాఫిక్స్ కార్డు, 125 జీబీ ఖాళీ కావాలి. డిగ్రీ, బీటెక్ పిల్లల ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అంత సీన్ లేదు. దాని కోసం ఈఎంఐ పెట్టి కొత్త మెషీన్ కొనకండి. డూమ్, క్వేక్ ఇంజిన్ల సోర్స్ కోడ్‌ను 1997, 1999లలో బయటపెట్టేశారు, చదువుకోవచ్చు. ఐడీడీక్యూడీ ఏ ఫైల్లో ఉందో మీరే వెతికి చూడండి, సి భాష వచ్చినవాళ్లకు అర్థమవుతుంది. 'లువాంటీ' అని ఒక ఉచిత ఆట ఉంది, నిన్నమొన్నటిదాకా పేరు మైన్‌టెస్ట్. పాత ల్యాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తుంది, లువా భాషలో మీ సొంత కమాండ్ రాసి చేర్చొచ్చు. ఇంకొంచెం ఓపిక ఉంటే 'గోడో' ఇంజిన్ ఉచితం. ఒక బంతి, నాలుగు గోడలు ఉన్న చిన్న ఆట తయారుచేసి, దానికి మీరే ఒక టీజీఎం పెట్టండి. తర్వాత విడుదల చేసే వెర్షన్లో అది పనిచేయకుండా ఆపండి. డీబగ్ బిల్డ్, రిలీజ్ బిల్డ్ తేడా ఏమిటో ఒక్క సాయంత్రంలో వంటబడుతుంది. హషిమోటో దారి ఆటలో మిగిలిపోతే జనం సంబరపడ్డారు. పేమెంట్ యాప్‌లో టెస్టింగ్ కోసం పెట్టిన '1234' ఓటీపీ అలాగే మిగిలిపోతే పోలీసులు వస్తారు.

అవకాశాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు స్టూడియో ఉంది. బెంగళూరులో రాక్‌స్టార్ ఇండియా ఉంది, 1997 నుంచి నడిచిన ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో కొనేసింది. కానీ గేమ్ టెస్టర్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. పైగా ఆ పని ఆట ఆడటం కాదు. ఒకే తలుపును రెండు వందల సార్లు తెరిచి మూసి, ప్రతిసారీ రాయడం. విసుగు పుట్టని మనసు కావాలి. కాబట్టి మామూలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పోస్టులకూ వేయండి, నోటుబుక్కు రెండు చోట్లా పనికొస్తుంది. జాబ్ సైట్లలో వెతికేటప్పుడు 'గేమ్' అన్న మాట ఒక్కటే కాకుండా 'క్యూఏ ఎనలిస్ట్', 'ఫంక్షనల్ టెస్టర్', 'మాన్యువల్ టెస్టింగ్', 'మైగ్రేషన్ టెస్టింగ్' అని కూడా కొట్టండి.

రెజ్యుమెలో హాబీల దగ్గర కాదు, ప్రాజెక్టుల దగ్గర రాయండి. 'ఒక ఆట పాత, రీమాస్టర్ వెర్షన్లను డెవలపర్ కన్సోల్ సాయంతో పోల్చి పరీక్షించాను. పన్నెండు తేడాలు నమోదు చేశాను. అందులో నాలుగు పాత వెర్షన్ నుంచి వచ్చినవని నిర్ధారించాను' అని రెండు మూడు లైన్లు, పక్కన ఆ షీటు లింకు. అంతే. ఇంటర్వ్యూ చేసేవాళ్లు షీటు తెరిచారంటే దాదాపుగా మొదట అడిగేది ఆ నాలుగింటి గురించే. 'ఇవి కొత్తవి కావని ఎలా తేల్చావు?' అంటారు. రెండు వెర్షన్ల నంబర్లు, రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి ఉంచుకోండి. ఆ తర్వాత 'మరి వీటిని సరిచేయమంటావా, వద్దంటావా?' అని అడుగుతారు. టాండిల్వే డైలాగ్‌తో మొదలుపెట్టి మీ జవాబు చెప్పండి.